నలభై ఒకటో ప్లాటు

గోతాల సందులో పుట్టి యూనివర్సిటీ గేటు దాటిన మొదటి మనిషి ఆ పిల్ల. అందుకని సందంతా ఆమెని మ్యాపులమ్మ అని పిలిచేది. ఆ పేరు పెట్టింది మేనత్త. మేనత్తకి సందు తిరిగి పెట్టిన పేరు దబ్బనం. గోతాలు కుట్టే పొడుగాటి సూదిని దబ్బనం అంటారు. ఆవిడ దగ్గర రెండున్నాయి, ఒకటి చేతిలో, ఒకటి నోట్లో. అన్న కూతురు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే, "ఊళ్లో ఎవరు ఎక్కడుండాలో చెప్పే చదువంట. ఇంటినిండా మ్యాపులు పరిస్తే నేనెక్కడ పడుకోవాలో మాత్రం చెప్పదు" అనేది.

చదువు పేరు పర్యావరణ భూగోళశాస్త్రం, ప్రణాళిక. నేల ఎలాంటిదో, నీళ్లు ఎటు పోతాయో, ఊరు ఎటు పెరగాలో, ఎక్కడ ఏది కట్టొచ్చో, ఏది కట్టకూడదో నేర్పుతారు. మంచి చదువే. తప్పు చదువులో లేదు.

సందులో పదకొండు ఇళ్లు. పదకొండింటికీ ఒకటే పని. మిల్లుల నుంచి, కొట్ల నుంచి వాడేసిన గోతాలు వస్తాయి. వాటిని తిరగేసి దులపాలి, తొట్లలో ఉతకాలి, ఎండబెట్టాలి, చిరుగులు కుట్టాలి, పాతికేసి కట్టలు కట్టి పంపాలి. అన్నిటికీ ప్రాణం ఎండబెట్టడం. తడి గోతం ఒక్క రోజు మడతలో ఉంటే బూజు పడుతుంది, బూజు పట్టిన గోతాన్ని ఎవడూ ముట్టుకోడు. అందుకని కాలవ పక్కన ఎకరంలోపు బోడి నేల ఒకటి వాళ్లందరికీ కలిపి ఉంది. ఎండ కాసిన రోజున దాని మీద అడుగు పెట్టడానికి జాగా ఉండదు, గోతాలే. ఆ నేల పోతే సందుకి ఇళ్లుంటాయి, పని ఉండదు. మ్యాపులమ్మ నడక నేర్చింది ఆ నేల మీదే. తల్లి పోయిన ఏడాది దబ్బనం ఒక చేత్తో గోతం, ఒక చేత్తో పిల్లని పట్టుకుని అక్కడే తిరిగింది.

క్లాసులో మాత్రం, "మా నాన్నది ప్యాకింగ్ బిజినెస్" అని చెప్పింది. మొదటి రోజు ఎవరో అడిగారు, నోట్లోంచి వచ్చేసింది. అబద్ధం కాదు అనుకుంది. రెండో వారం అదే మాట మళ్లీ చెప్పింది. మూడో వారానికి ఆ బిజినెస్‌కి ఒక గోడౌను కూడా వచ్చింది.

అక్కణ్ణించి కాపలా మొదలు. గోతం వాసన జుట్టుకి పడుతుందని పొద్దున్నే తల తడుపుకునేది. బ్యాగుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇంట్లో మేకుకి తగిలించేది. మొదటి సంవత్సరం ఒకసారి డ్రాయింగ్ స్కేలు ఇంట్లో మరిచిపోతే, తండ్రి పని ఆపి, దాన్ని గుడ్డలో చుట్టుకుని, రెండు బస్సులు మారి గేటు దగ్గరికి వచ్చాడు. చొక్కా భుజం మీద నార పోగులున్నాయి. ఆమె స్నేహితులతో వస్తూ దూరం నుంచే చూసింది. చూసి, లైబ్రరీలో పనుందని చెప్పి, లైబ్రరీ పక్కనుంచి వెనక దారిన వెళ్లిపోయింది. స్కేలు వాచ్‌మన్ దగ్గర దొరికింది. ఇంటికెళ్లాక, "అందిందా అమ్మా?" అన్నాడు తండ్రి. అందింది అంది. ఆయన చూడలేదనుకుంది.

రెండో సంవత్సరంలో ఊరి సర్వే వచ్చింది. చెప్పే టీచరుని అందరూ సర్వే మేడం అంటారు. క్లాసులోకి వస్తూనే పిల్లల మొహాలు కాదు, చెప్పులు చూస్తుంది. దుమ్ము లేకపోతే మొహం కూడా చూడదు. ఆవిడకి ఒకటే సూత్రం: "పాదం పడని చోట పెన్సిల్ పడకూడదు." కొలత తప్పితే నవ్వి సరిదిద్దేది. వెళ్లకుండా రాస్తే షీటు చించేసేది.

పద్ధతి ఇది. ఊరిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక షీటు. షీటు మీద ప్రతి స్థలానికీ నంబరు. దాని ముందు అక్కడ ఏముందో ఒక అంకె వేయాలి, తర్వాత రంగు. ఇళ్లకి పసుపు, కొట్లకి నీలం, పని చేసే చోట్లకి ఊదా. ఇళ్లయితే రంగు వేస్తే చాలు. ఎవరైనా పని చేసుకుంటున్న చోటైతే, వాళ్లతో మాట్లాడి ఫారం నింపాలి, మనిషితో సహా ఫోటో తీయాలి, సంతకం పెట్టించుకోవాలి. ఆ ఫారాలూ ఫోటోలూ ఏడాదంతా క్లాసు గోడ మీద ఉంటాయి. ఖాళీ స్థలానికి అంకె పది. దానికి ఫారం లేదు, ఫోటో లేదు, సంతకం లేదు. రంగు కూడా లేదు, తెల్లగా వదిలేయడమే.

చీటీలు తీస్తే మ్యాపులమ్మ జట్టుకి కాలవ గట్టు వచ్చింది. జట్టులో క్లాసులో కూడా టోపీ తీయని ఒక అబ్బాయి ఉన్నాడు. అందరూ వాణ్ణి టోపీ అనే పిలుస్తారు.

"అందరం కలిసే తిరుగుదాం," అన్నాడు టోపీ.

"కాలవ పక్క బిట్టు నాకొదిలెయ్. మా ఇంటికి దగ్గరే," అంది.

"నీ రుణం ఉంచుకోం. టీ నాది," అన్నాడు వాడు సంతోషంగా. వాడికేం తెలుసు.

శనివారం ఫారాలు పట్టుకుని సందు మొగ వరకూ వచ్చింది. బాగా కాస్తున్న ఎండ. నేలంతా గోతాలు పరిచి ఉన్నాయి. మధ్యలో ముక్కాలి పీట మీద తండ్రి కుడుతున్నాడు. అవతల మేనత్త ఎవరినో తిడుతోంది. ప్లాటు నంబరు నలభై ఒకటి.

తండ్రిని ఫోటో తీయాలి. మీరేం పని చేస్తారు అని అడిగి రాయాలి. ఆయన సంతకం పెట్టించాలి. ఆ ఫోటో గోడ మీద పెడితే, తన పోలికే అయిన ఆ ముక్కు, ఆ నుదురు చూసి ఎవరైనా ఇట్టే పట్టేస్తారు, ప్యాకింగ్ బిజినెస్ ఇదా అంటారు. పదకొండు అడుగులు వేస్తే నేల మీద ఉండేది. వేయలేదు. వెనక్కి తిరిగి బస్టాపులో బెంచీ మీద కూర్చుని, నలభై ఒకటి ఎదురుగా పది అని రాసింది.

రాసి, సోమవారం లాబ్‌లో ఉపగ్రహం ఫోటో తెరిచి చూసింది. అది వానాకాలం తీసింది. ముసురులో గోతాలు లోపలుంటాయి, నేల బోడిగా కనిపిస్తోంది. ఆకాశం కూడా ఖాళీ అనే సాక్ష్యం చెప్పింది. ఇంకేం కావాలి.

తర్వాత ఆ తెల్ల ముక్కే అందరి కళ్లలో పడింది. వాన పడితే పల్లపు వీధులన్నీ మునిగే ఊరది. నీళ్లు నిలవడానికి, ఇంకడానికి ఒక చోటు వెతకమంది సర్వే మేడం. కాలవ పక్కన, ఎవరూ లేని, ఏమీ లేని ఎకరం. టోపీ అక్కడ వాననీటి కుంట గీశాడు, చుట్టూ చెట్లు, బెంచీలు. నిజంగా బాగుంది బొమ్మ. క్లాసు చప్పట్లు కొట్టింది. చూడటానికి వచ్చిన పురపాలక ఆఫీసు ప్లానింగ్ అధికారి ఒక కాపీ అడిగి పట్టుకెళ్లాడు. ఆమె నోరు విప్పడానికి నాలుగు సందర్భాలు వచ్చాయి. నాలుగుసార్లూ, విద్యార్థుల బొమ్మలు బీరువాలోకి పోతాయి గానీ ఊళ్లోకి రావు అనుకుంది.

ఆరు నెలల తర్వాత ఊళ్లోకే వచ్చింది. సందు మొగలో గోడకి నోటీసు అంటించారు. సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి తండ్రి చేతిలో దాని కాపీ ఉంది.

"ఇదిగో తల్లీ, ఇది నీ భాష. చదివి చెప్పు," అన్నాడు. ఆయన మొహంలో భయం కన్నా గర్వం ఎక్కువుంది. ఇన్నాళ్లకి కూతురి చదువు ఇంటికి పనికొచ్చిందని.

చదివింది. ప్లాటు నలభై ఒకటి. ప్రస్తుతం ఖాళీ. ప్రతిపాదన: వాననీటి కుంట, పార్కు. అభ్యంతరాలుంటే విచారణ రోజున చెప్పుకోవచ్చు.

"ఖాళీయా?" అంది మేనత్త. "ముప్పై ఏళ్లుగా అక్కడ నా నడుం విరుగుతోంది. ఖాళీ నేల మీద విరిగిందా? నేను దెయ్యాన్నా మరి? ఏమే మ్యాపులమ్మా, మీ పుస్తకాల్లో దెయ్యాలకి ఏ రంగేస్తారు?"

"ఊరుకోవే," అన్నాడు తండ్రి.

"ఊరుకోక ఏం చేశాం ఇన్నాళ్లూ? నీరు పల్లమెరుగు అంటారు. నీళ్లకైనా వచ్చి చూసే బుద్ధుంది. ఆ గీసినోడి కళ్లు కాకులెత్తుకెళ్లాయా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చుంది మ్యాపులమ్మ.

తండ్రి నోటీసు మడత పెట్టాడు. "వాణ్ణి తిట్టి లాభమేముంది. ఎవరో కుర్రాడై ఉంటాడు. చెడ్డవాడై గీసుండడు. ఇక్కడికి రాలేదు, అంతే. ఒక్కసారి వచ్చుంటే పీటేసి కూర్చోబెట్టి అన్నీ చూపించేవాణ్ణి."

ఆ మాట దగ్గర ఆమె లేచి వెళ్లి తొట్టి దగ్గర మొహం కడుక్కుంది. కడిగితే పోయేదా అది.

అభ్యంతరం రాసి పెట్టమని తండ్రి అడిగాడు. రాసింది. "సదరు స్థలం విషయమై సర్వేలో పొరపాటు జరిగినట్లు తెలియుచున్నది." పొరపాటు దానంతట అదే కాళ్లు వచ్చి నడిచొచ్చినట్టు రాసింది. తండ్రి రెండుసార్లు చదివించుకుని, "ఎంత బాగా రాశావమ్మా," అన్నాడు.

"విచారణకి నువ్వు వస్తే..."

"ఆ రోజు పరీక్ష నాన్నా."

"అయితే వద్దులే. పరీక్ష ముఖ్యం." మరి ఇంకోసారి అడగలేదు. ఎప్పుడూ ఇంకోసారి అడగడు ఆయన.

పరీక్ష లేదు. ఆ రోజుకే సర్వే మేడం జట్టుని రమ్మంది. విచారణలో కుంట గురించి టోపీ మాట్లాడాలి, అసలు సర్వే షీటు పట్టుకుని మ్యాపులమ్మ పక్కన నిలబడాలి. ఒంట్లో బాగాలేదంది. "నిలబడే ఓపిక ఉందిగా, చాలు," అంది మేడం.

పురపాలక ఆఫీసు హాల్లో ఇనుప కుర్చీలు, చప్పుడు చేసే ఫ్యాన్లు. గోడకి పెద్ద పటం. కుడివైపు మేడం, టోపీ, షీటు పట్టుకుని మ్యాపులమ్మ. ఎడమవైపు తలుపులోంచి సందు వచ్చింది. ముందు తండ్రి, ఇస్త్రీ చొక్కాతో. వెనక మేనత్త, ఇంకా ఏడుగురు.

అందరూ ఒకేసారి ఆమెని చూశారు. మేనత్త మొహం వికసించింది. "ఒసేయ్, పరీక్షన్నావు..." అని నోరు తెరిచింది. తండ్రి చెయ్యి వెళ్లి ఆవిడ మణికట్టు మీద పడింది. ఆయన కూతుర్ని చూశాడు, మెడలో యూనివర్సిటీ కార్డు చూశాడు, చేతిలో షీటు చూశాడు, పక్కన టోపీని, మేడంని చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు. మేనత్త చెవిలో ఏదో అన్నాడు. ఆ మాట వెనకవాళ్ల దాకా పాకింది, ఆ తర్వాత సందు వాళ్లలో ఒక్కరూ ఆమె వైపు చూడలేదు.

టోపీ కుంట గురించి చక్కగా చెప్పాడు. తర్వాత తండ్రి లేచి కాగితం చదివాడు. వేలు పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. "తెలియుచున్నది" దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు.

ప్లానింగ్ అధికారి వినే మనిషే, కాకపోతే తొందర మనిషి. "సర్వే కాలినడకన చేశారని రికార్డులో ఉంది. మేడం, మీ పిల్లలు వెళ్లారా లేదా?"

"మా పిల్లలు పాదం పడని చోట పెన్సిల్ పెట్టరు," అంది మేడం. ఆవిడ గొంతులో ఒక్క వెంట్రుకంత అనుమానం లేదు.

"ఆ బిట్టు ఎవరు చేశారు?"

"తనే," అని టోపీ పక్కకి చూపించాడు.

అధికారి తండ్రి వైపు తిరిగాడు. "పెద్దాయనా, ఈ అమ్మాయి మీ చోటుకి వచ్చిందా? అబద్ధం చెప్పొద్దు. రాలేదంటే ఆ అమ్మాయి దొంగ సర్వే చేసినట్టు. వచ్చిందంటే సర్వే సరైనట్టు."

తండ్రి చేతిలో కాగితం రెండు మడతలైంది, నాలుగైంది.

"వచ్చిందండి," అన్నాడు. "ఎవరి పిల్లో తెలీదు గానీ, వచ్చింది పాపం. ఆ రోజు ముసురు. మేం గోతాలు లోపలేసుకున్నాం. నేల ఖాళీగానే ఉంది. చూసిందే రాసింది. ఆ అమ్మాయి తప్పేం లేదండి."

"అన్నయ్యా," అంది మేనత్త. దబ్బనం మూగబోవడం సందు అదే మొదటిసారి చూడటం.

"అయితే అభ్యంతరం నిలబడదు," అని అధికారి పెన్ను తీశాడు.

ఎకరం నేల, పదకొండిళ్ల పని, ముప్పై ఏళ్ల నడుం, అన్నీ పెట్టి ఆయన కూతుర్ని కొనుక్కున్నాడు. అదీ ఎవరి పిల్లో అని చెప్పి. మ్యాపులమ్మది గొప్ప ధైర్యమేం కాదు, ఆ పెన్ను కాగితానికి తగిలే లోపు నోరు విప్పకపోతే ఇక జన్మలో ఆ ఇంట్లో అన్నం ముట్టలేనని అర్థమైంది, అంతే.

"నేను వెళ్లలేదండి," అంది. "ఆ రోజు ముసురు కాదు, ఎండ. నేలంతా గోతాలే ఉన్నాయి. సందు మొగలోంచి చూసి వెనక్కి వచ్చేశాను. బస్టాపులో కూర్చుని పది అని రాశాను."

మేడం తల నెమ్మదిగా తిరిగింది. "దేనికి?"

"ఫోటో తీయాల్సి వస్తుందని." "ఆయన మా నాన్న."

టోపీ మొదటిసారి టోపీ తీశాడు. ఎందుకు తీశాడో వాడికే తెలీదు, మళ్లీ పెట్టుకున్నాడు.

అధికారి పెన్ను మూసి, మళ్లీ సర్వే చేసి మూడు వారాల్లో ఇమ్మన్నాడు. మేడం షీటు తీసుకుంది. చించలేదు. చించి ఉంటే బాగుండేది. సంచీలో పెట్టుకుని, "ఈ పేపర్లో నువ్వు ఫెయిలు. వచ్చే ఏడాది మళ్లీ రాసుకో. ఆ కొత్త సర్వే ఫారం నీ చేతికి ఇవ్వను," అంది. సంచీ భుజానికేసుకుని, "నీకోసం నేను అందరి ముందూ మాటిచ్చాను," అంది. అంతే. ఆ తర్వాత చెప్పులు కూడా చూడలేదు.

బయట మెట్ల మీద తండ్రి నిలబడి ఉన్నాడు. "ఎందుకు చెప్పావమ్మా? ఏడాది పోయిందిగా."

"నువ్వెందుకు నన్ను తెలీదన్నావు?"

"అందులో కొత్తేముంది తల్లీ. మొదటి ఏడు స్కేలు తెచ్చినప్పుడే చూశాగా, నువ్వు లైబ్రరీ పక్కనించి తిరిగి వెళ్లడం. సరే, పిల్లకి ఇలా ఉంటే బాగుంటుంది కాబోలు అనుకున్నా. అప్పట్నించి ఆ గేటు వైపు రాలేదు."

కోపంగా అని ఉంటే తట్టుకునేది. బస్సు ఎప్పుడొస్తుందో చెప్పినట్టు చెప్పాడు.

మేనత్త దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకుంది మ్యాపులమ్మ. కొట్టలేదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు రచ్చ కోసం ఇంటినే తుడిచేశావు," అంది. "నడు. గోతాలు ఎత్తాలి, మబ్బు పట్టింది."

మర్నాటి నుంచి సందులో మ్యాపులమ్మ అనే పేరు పోయింది. తొట్ల దగ్గర ఎవరో, "పదో నంబరు వచ్చింది, చోటియ్యండి," అన్నారు. అందరూ నవ్వారు. ఆ పేరే నిలిచింది. ఆమె సెలవులు పెట్టి దబ్బనం పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు వచ్చిన కుట్టు చాలామటుకు మరిచిపోయింది. వేళ్లకి రక్తాలొచ్చాయి. "పుస్తకం పట్టిన చేయి," అన్నారెవరో. తండ్రి వచ్చి పోగు ఎక్కించే పద్ధతి మళ్లీ చూపించాడు.

రెండో వారంలో మేడం, టోపీ వచ్చారు. పొద్దున వచ్చారు, మధ్యాహ్నం వచ్చారు, సాయంత్రం మళ్లీ వచ్చారు. మేడం చెప్పులు తెల్లటి దుమ్ముతో నిండిపోయాయి. తండ్రి అన్నట్టే పీటలేశాడు. గోతం ఎలా తిరగేస్తారో, ఎక్కడ నీడ పడితే ఎక్కడికి జరుపుతారో, తొట్లలో నీళ్లు ఎటు పోతాయో చూపించాడు. ఆ నీళ్లు కాలవలో కలుస్తున్నాయని మేడం రాసుకుంది. అది కూడా నిజమే, రాయాల్సిందే. కుంట ఎక్కడ తవ్వుతారో, నేల సగమైనా మిగులుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలీదు.

సాయంత్రం టోపీ ఫారం తీశాడు. మ్యాపులమ్మ గోతం వెనక తల దించుకుని కుడుతోంది. వాడు ఆమెతో మాట్లాడాలా వద్దా అని తేల్చుకోలేక, కాగితంలోకే చూస్తూ అడిగాడు.

"ఇక్కడ ఏం పని జరుగుతుందండి?"

తండ్రి చెప్పాడు.

"మీ ఇంటి నుంచి ఎంతమంది పని చేస్తారు?"

"నేనూ, మా చెల్లెలూ," అన్నాడు తండ్రి. అని ఆగాడు. టోపీ పెన్ను గాల్లో ఉండిపోయింది. తండ్రి కూతురి వైపు చూశాడు. పక్కింటి వస్తువు వాడుకోవచ్చా అని అడిగేవాడిలా చూశాడు. ఆ చూపు ముందు ఆమె చేసినవన్నీ చిన్నవైపోయాయి. తన పేరు చెప్పడానికి కన్నతండ్రి తన అనుమతి కోసం కాచుకుని ఉన్నాడు.

"ముగ్గురు అని రాయి," అంది ఆమె టోపీతో.

వాడు రాశాడు. "ఫోటో తీయాలి," అన్నాడు మెల్లగా. "పని చేసేవాళ్లతో. గోడ మీద పెడతారు, నీకు తెలుసుగా."

"తెలుసు."

మేనత్త వచ్చి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. తండ్రి చొక్కా మీద నార పోగులు దులుపుకోబోయాడు. "ఉంచు నాన్నా," అంది మ్యాపులమ్మ. ఆయన చెయ్యి ఆపాడు, కానీ ఆమె పక్కకి రాలేదు, మూరెడు దూరంలోనే నిలబడ్డాడు. అలవాటైపోయింది ఆయనకి. ఆమే పీట జరుపుకుని ఆ మూరెడూ దగ్గరికి వెళ్లింది.

"తలెత్తు," అన్నాడు టోపీ.

ఎత్తడానికి చాలాసేపు పట్టింది.